ఉభయకుశలోపరి తర్వాత అసలు సంగతి



దసరా, దీపావళి అమ్మకాలు మొదలయ్యాయి. మన సంఘం గ్రూపులో రోజూ పది పన్నెండు ప్రకటనలు వస్తున్నాయి. చాదర్లు, టవళ్లు, షేంగా చట్నీ, జాకెట్ల కుట్టుపని, పెళ్లి వంటలు. సరుకులు వేరు, ఇళ్లు వేరు, మాట మాత్రం ఒక్కటే. "ఇది కేవలం చాదర్ కాదు, ఒక అనుభూతి" అని ఒకరు పెడితే, గంట తర్వాత "ఇది కేవలం చట్నీ కాదు, ఒక అనుభూతి" అని ఇంకొకరు. కుట్టుపని చేసే చెల్లెలి ప్రకటనలో "మేము బట్టలు మాత్రమే కుట్టం, మీ కలలను కుడతాం" అని ఉంది. మనుమరాలితో చదివించుకుని విన్న ఒక పెద్దమ్మ, "కలలు కుట్టుడేంది? చేతులు సక్కగ పెడ్తదా లేదా, అది చెప్పుమను" అన్నది.

ఇవన్నీ ఏఐతో రాయించినవని అందరికీ తెలుసు. సంఘం ఉత్తరాలు, పెళ్లి పత్రికలు, రథోత్సవం కరపత్రాలు చూసిపెట్టే మా నలుగురి దగ్గరికి ఈ మధ్య సభ్యులు ఒక కొత్త పనితో వస్తున్నారు. "అన్నా, దీన్ని మనిషి రాసినట్టు చేసి ఇయ్యరా?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికి విడిగా చెబుతున్నదే ఇక్కడ అందరికీ కలిపి చెబుతున్నాం. కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

ముందుగా ఒక మాట. ఏఐ వాడొద్దని మేము అనడం లేదు. మన షోలాపూర్ తెలుగువాళ్ల సంగతి మనకు తెలియనిదా? ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బేరానికి హిందీ, ఆన్‌లైన్ అమ్మకానికి ఇంగ్లీషు. 1877లో ఇక్కడ మొదటి బట్టల మిల్లు వచ్చింది. ఆ తర్వాత కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు వైపు నుంచి మగ్గాన్ని నమ్ముకుని వచ్చిన కుటుంబాలు మనవి. మగవాళ్లు నేత, ఆడవాళ్లు బీడీలు. మూడో తరం, నాలుగో తరం వచ్చేసరికి తెలుగు నోట్లో మిగిలింది, కంటికి దూరమైంది. తెలుగు గడగడా మాట్లాడే కుర్రాడు తెలుగు అక్షరం చదవలేడు. అలాంటివాడు హైదరాబాద్‌లో ఉన్న దుకాణదారుకు తెలుగులో నాలుగు ముక్కలు పంపాలంటే మొన్నటిదాకా ఎవరినో బతిమాలాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోనే రాసిపెడుతోంది. అది చిన్న సాయం కాదు.

మరి అందరి మాటా ఒకేలా ఎందుకు ఉంటోంది? కోట్ల పేజీల రాత చదివి, ఏ మాట తర్వాత ఏ మాట ఎక్కువగా వస్తుందో నేర్చుకున్న యంత్రం అది. మనం "చాదర్‌కు మంచి యాడ్ రాయి" అని నాలుగు మాటలు కొడతాం. మన కార్ఖానా దానికి తెలియదు, మన నూలు తెలియదు, కొత్త చాదర్ రంగు దిగుతుందో లేదో తెలియదు. తెలియనిచోటల్లా లోకంలో ఎక్కువమంది నడిచిన దారినే పోతుంది. అది చదివిన రాతలో ఇంగ్లీషే ఎక్కువ కాబట్టి, తెలుగులో రాసినా నడక అక్కడిదే. "మీ ఇంటికి సౌఖ్యాన్ని ఆహ్వానించండి" అంటుంది. మనం పెళ్లికి చుట్టాలను ఆహ్వానిస్తాం. సౌఖ్యాన్ని ఎవరైనా పిలుస్తారా?

మన ఇళ్లలో వెనకటి ఉత్తరాలు ఎవరి దగ్గరైనా ఉంటే తీసి చూడండి. చదువురాని అమ్మమ్మలు, నాయనమ్మలు పక్కింటి చదువుకున్న పిల్లాడితో ఊరికి ఉత్తరం రాయించేవారు. మొదటి నాలుగు వరుసలూ అందరి ఉత్తరాల్లో ఒకటే. ఇక్కడ అందరం క్షేమం, అక్కడ మీ క్షేమ సమాచారాలు తెలుపగలరు, ఉభయకుశలోపరి. అది రాసేవాడి వాటా. ఆ మాట తర్వాత వచ్చేది మాత్రం చెప్పేవాళ్లది. మగ్గం అద్దె పెరిగింది, చిన్నదానికి సంబంధం వచ్చింది, పంపిన జొన్నలు అందాయి కానీ సంచి చిరిగి వచ్చింది. ఉత్తరం అందుకున్నవాళ్లు ఆ చిరిగిన సంచి దగ్గర తమ మనిషిని గుర్తుపట్టేవారు. రాసిన చేయి ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఇప్పటి ప్రకటనల్లో తప్పు ఏఐ చేయి పడడం కాదు. మొదటి నుంచి చివరిదాకా ఉభయకుశలోపరే ఉంటోంది, అసలు సంగతి రావడం లేదు. అందుకే "మనిషి రాసినట్టు చేయండి" అని ఎవరైనా వస్తే మేము వాక్యాలు దిద్దడం మొదలుపెట్టం. "సరుకు సంగతి చెప్పు" అంటాం.

కొందరు ఈ శ్రమ ఎందుకని ఏఐనే అడుగుతున్నారు, "మనిషిలా, మనసుకు తాకేలా రాయి" అని. గొడవ అక్కడే మొదలవుతోంది. మనసుకు తాకాలంటే దానికి కథ కావాలి. మనం చెప్పకపోతే తనే పుట్టిస్తుంది. ఒక సభ్యుడి చాదర్ ప్రకటనలో ఇలా వచ్చింది: "మా తాతమ్మ నేర్పిన కళతో, నిపుణులైన చేనేత కళాకారులు ఒక్కొక్క పోగునూ ప్రేమతో చేతితో నేసిన వారసత్వం." చదవడానికి బాగుంది. కానీ ఆ తమ్ముడిది పవర్‌లూమ్ కార్ఖానా. మన ఊరి చాదర్, టవల్ ఈరోజు పవర్‌లూమ్ మీద నడిచే సరుకని ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆ చప్పుడులోనే పెరిగాం.

"ఒక్క మాటే కదా" అంటారు. ఆ ఒక్క మాట మీద ఎందరి అన్నం ఆధారపడి ఉందో చూడండి. పోచంపల్లిలో, గద్వాలలో ఇంకా చేతిమగ్గం మీద కూర్చునేవాళ్లలో మన కులస్థులు, చుట్టాలు ఉన్నారు. చేతిమగ్గం బట్ట వేరని కొనేవాడికి తెలియడానికే 2006లో హ్యాండ్‌లూమ్ మార్క్ వచ్చింది. ధరలో మిషను బట్టతో వాళ్లు పోటీ పడలేరు. వాళ్లకు మిగిలిన ఆస్తి 'చేనేత' అన్న మాటే. ఆ మాటను మిషను బట్ట మీద అతికిస్తే, మనవాళ్ల కంచంలోంచే ముద్ద తీసినట్టు.

ఇంకో సంగతి. షోలాపూర్ చాదర్‌కు, షోలాపూర్ టెర్రీ టవల్‌కు భౌగోళిక గుర్తింపు ఉంది. ఎక్కడో నేసిన నాసిరకం దుప్పటిని షోలాపూర్ చాదర్ అని అమ్ముతున్నారని మనమే గోల పెడతాం. మన పేరు ఇంకొకరు వాడితే మోసం అయినప్పుడు, ఇంకొకరి పేరు మనం వాడితే ఏమవుతుంది? చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. "నేను రాయలేదు, ఏఐ రాసింది" అంటే అక్కడ చెల్లదు. కింద ఉన్న ఫోన్ నంబరు మనది.

ఇక మేము చేస్తున్న పద్ధతి చెబుతాం. కష్టమేమీ కాదు.

ఒకటి, రాయకండి, మాట్లాడండి. గిరాకీ ఎదురుగా నిలబడి అడుగుతున్నట్టు అనుకుని, మన ఇంటి తెలుగులోనే రెండు నిమిషాలు ఫోన్లో రికార్డు చేయండి. దేనితో చేశారు, కొలత ఎంత, బరువు ఎంత, ఉతికితే ఏమవుతుంది, ఎన్నాళ్లలో పంపుతారు, బాగా లేకపోతే వెనక్కి తీసుకుంటారా. సరుకులో ఉన్న ఒక లోపం కూడా చెప్పండి. గిరాకీలు మాటిమాటికీ అడిగే ప్రశ్న ఒకటి ఉంటుంది, దాన్ని అసలు వదలొద్దు.

రెండు, ఆ మాటలను అక్షరాల్లోకి మార్చి ఏఐకి ఇచ్చి, "నేను చెప్పనిది ఒక్కటీ కలపకు, పొగడ్త మాటలు వద్దు, వరుసగా పెట్టి పొట్టి వాక్యాల్లో రాయి" అనండి. అప్పుడు అది నిజంగా రాసిపెట్టే పిల్లాడిలా పనిచేస్తుంది.

మూడు, వచ్చినదాన్ని వాక్యం వాక్యంగా చూడండి. ఈ వాక్యాన్ని పక్క దుకాణంవాళ్లు తమ పేరుతో పెట్టుకోవచ్చా? పెట్టుకోగలిగితే అది మీది కాదు, కొట్టేయండి. మిగిలిన ప్రతి వాక్యానికీ, గిరాకీ ఫోన్ చేసి "ఇది నిజమేనా?" అంటే తడుముకోకుండా జవాబు చెప్పగలరా? చెప్పలేకపోతే అదీ కొట్టేయండి.

నాలుగు, ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి. "మనం గిట్ల మాట్లాడుతమా?" అని వాళ్లు ఎక్కడ ఆపితే అక్కడ దిద్దండి. మన మాటలో చాదర్, కార్ఖానా, గిరాకీ ఉంటాయి. వాటిని తీసేసి పుస్తకాల తెలుగు పెట్టాల్సిన పనిలేదు. మరాఠీలోకో హిందీలోకో మార్పిస్తే, ఆ లిపి చదవగలిగినవాళ్లు ఒకసారి చూడాలి. ముఖ్యంగా అంకెలు, కొలతలు, ధర.

ఆ తమ్ముడి చాదర్ ప్రకటన ఇలా చేస్తే చివరికి ఇలా తేలింది:

"మా కార్ఖానాలో పవర్‌లూమ్ మీద నేసిన నూలు చాదర్. జకార్డ్ డిజైను. రెండు వైపులా పరచుకోవచ్చు, ఒకవైపు ఎరుపు ఉన్నచోట రెండోవైపు తెలుపు వస్తుంది. మొదటి రెండుసార్లు విడిగా, చన్నీళ్లలో ఉతకండి, ఎరుపు కొంచెం దిగుతుంది. కొత్తలో గరుకుగా ఉంటుంది, ఉతికేకొద్దీ మెత్తబడుతుంది. మధ్యాహ్నం రెండు తర్వాత ఫోన్ చేయండి, అంతకుముందు మగ్గాల చప్పుడులో మీ మాట వినపడదు."

చివరి వాక్యం అతను రికార్డులో మామూలుగా అన్నదే. ఏ యంత్రమూ దాన్ని తనంతట తాను రాయలేదు, ఎందుకంటే ఆ చప్పుడు దాని చెవిన పడలేదు.

టవళ్లవాళ్లకు ఒక లెక్క. "అత్యుత్తమ నాణ్యత" బదులు జీఎస్‌ఎం రాయండి, అంటే చదరపు మీటరుకు ఎన్ని గ్రాములో. 30 అంగుళాలకు 60 అంగుళాల టవల్, 450 జీఎస్‌ఎం అయితే, దాదాపు 520 గ్రాములు తూగుతుంది. ఆ బరువే రాసేస్తే గిరాకీ ఇంట్లో వంటింటి కాటా మీద పెట్టి చూసుకుంటాడు. కొత్త టవల్ ఒకటి రెండు ఉతుకుల తర్వాతే నీళ్లు బాగా పీలుస్తుందనీ, మెత్తదనానికి వేసే సాఫ్ట్‌నర్ ఆ పీల్చే గుణాన్ని తగ్గిస్తుందనీ రాయండి. అది మన వృత్తి తెలిసినవాళ్ల మాట.

షేంగా చట్నీ చేసే అక్క ఒకామె అడిగింది, "తక్కువైతే రోట్లో దంచుత, పెద్ద ఆర్డరైతే మిషన్ల వేస్త. గది గూడ చెప్పాల్నా?" అని. చెప్పమన్నాం. "అర కిలో లోపు రోటి చట్నీ, ఆపైన మిషన్ చట్నీ" అని రాసింది. అందులో దాచేది ఏముంది?

గిరాకీల అభిప్రాయాలను మాత్రం ఏఐతో రాయించకండి. "పుణె నుంచి ఒక గృహిణి" అని లేని మనిషిని పుట్టించడం పచ్చి అబద్ధం. నిజమైన గిరాకీ పంపిన సందేశం, అందులో అక్షరదోషం ఉన్నా సరే, వాళ్ల అనుమతితో ఉన్నది ఉన్నట్టు పెట్టండి.

కుర్రాళ్లు మమ్మల్ని నిలదీశారు. "మీరు చెప్పేది బాగుంది కాకా, అవతలివాడు మిషను చాదర్‌కే చేనేత అని రాసి అమ్ముకుంటున్నాడు. మేము నిజం రాసుకుని కూర్చుంటే మా సరుకు ఎవరు కొంటారు?" ఈ ప్రశ్నకు మా దగ్గర తియ్యటి జవాబు లేదు. పవర్‌లూమ్ అని రాసిన తమ్ముడికి అమ్మకాలు పెరిగాయని మేము చెప్పం. "చేనేత కాదా? అయితే వద్దు" అని పెట్టేసిన ఫోన్లు ఉన్నాయి. కానీ పార్సిల్ విప్పి, మోసం చేశావని తిట్టిన ఫోన్ ఒక్కటీ లేదు. మన వ్యాపారాలు ఒక్కసారి అమ్మి ఊరు మారేవి కావు. మన ఇంటి పేరు వినగానే ఏ ఊరివాళ్లమో, ఏం నేస్తామో అవతలివాళ్లు చెప్పేస్తారు. ఒకరు పోగొట్టుకున్న నమ్మకం పక్కింటివాడి బేరం మీద కూడా పడుతుంది. అందుకే ఇది ఎవరి ఇష్టం వాళ్లది అని వదిలేయలేక సంఘం మాటగా చెబుతున్నాం.

వచ్చే ఆదివారం సాయంత్రం సంఘం హాల్లో మేము నలుగురం కూర్చుంటాం. ప్రకటనలు దిద్దుకోవాలనుకునేవాళ్లు రండి. తెలుగు చదవడం రాకపోయినా ఫర్వాలేదు, చెబితే చాలు. ఫోను ఒక్కటే కాదు, సరుకు కూడా వెంట తెచ్చుకోండి. ముందు దాన్ని చేత్తో పట్టుకుని చూద్దాం.