కిటికీ వెల

ఓడలో గది కుదుర్చుకొనుటను గూర్చి అమీరుపేటలో కాపురముండు బడిపంతులు భార్య వ్రాయబూనుట చూచి సోదరీమణులు నవ్వుకొందురేమో. మా హైదరాబాదున గుట్టలున్నవి, చెరువులున్నవి గాని సముద్రము లేదు. ఓడ యనగా నాకు చిన్ననాట మా తండ్రిగారు చదివించిన భాగవతములోని సత్యవ్రతుని నావయే. అందులో గదులకు తరగతులున్నట్లు పోతనగారెక్కడను చెప్పలేదు. అయినను 2022వ సంవత్సరము వేసవిలో పది దినములపాటు మా యింట నీ గదుల తగవు తప్ప వేఱొక మాట లేకపోయెను. విశాఖపట్టణమున 2023 సెప్టెంబరులో విహారనౌకలకై ప్రత్యేకముగ నొక టెర్మినలు ప్రారంభించిరి. కావున నిట్టి సందేహము మీలో ననేకులకు ముందుముందు కలుగవచ్చును. మా యింటి లెక్క యంతయు దాచక చెప్పెదను.

మా అత్తగారికి అప్పుడు డెబ్బదియొకటవ యేడు. పుట్టినిల్లు కాకినాడ. ఆమె తండ్రిగారు ఇరువదియేండ్ల ప్రాయమున కాకినాడ రేవులో స్టీమరెక్కి రంగూనునకు పోయిరి. ఆ కాలమున మన తీరమునుండి బర్మాకు పొట్టకూటికై పోయిన తెలుగువారు వేలకొలది. కోరంగి రేవు పేరిట నచ్చటివారు మనవారినందఱను 'కోరంగీలు' అని పిలిచెడివారు. కూలికి పోవువారికి గదులెక్కడివి, కిటికీలెక్కడివి? డెక్కు టిక్కెట్టు కొని, చాప పఱచుకొని, మూట తల క్రింద పెట్టుకొని పడియుండుటయే. కాకినాడలో పెద్ద యోడలు గట్టు దాపునకు రాజాలక దూరముగా లంగరు వేసికొని నిలిచెడివి. జనము పడవలమీద పోయి యెక్కవలసి యుండెడిది. 1941 డిసెంబరులో జపానువారు రంగూనుపై బాంబులు వేసినప్పుడు ఆయనకు మరలివచ్చుటకు ఓడ దొరకలేదు. అరకాను కొండల మీదుగా కాలినడకను చిట్టగాంగు చేరి, యెట్లో బ్రదికి యిల్లు జేరిరి. తరువాత పెండ్లి, బిడ్డలు. వింత యేమనగా, ఆయన తన బిడ్డలకు ఆ నడకను గూర్చి యెన్నడును చెప్పలేదట. చెప్పినదెల్ల ఆ మొదటి యోడ ప్రయాణమే. రాత్రివేళ డెక్కుమీద వెల్లకిల పరుండి చూచిన చుక్కలు, తెల్లవాఱుజామున నీటిలోనుండి లేచు సూర్యుడు. మా అత్తగారు ఆ కథ వినుచు పెరిగిరి. సముద్రపు టొడ్డున పుట్టియు ఓడ యెక్కనే లేదు.

ఆ యేడు జూనులో కార్డీలియా వారి ఎంప్రెస్ అను విహారనౌక విశాఖనుండి బయలుదేఱునని పత్రికలో చూచితిని. సరిగా నప్పుడే నా చీటీ సొమ్ము చేతికి వచ్చియుండెను. విశాఖలో నెక్కి చెన్నపట్టణమున దిగుదమని నిశ్చయించితిమి. మావారు రాజాలకపోయిరి. ఆ సంవత్సరము పదవ తరగతి పరీక్షలు మే నెల చివరకు జరిగినందున, జూనులో జవాబు పత్రములు దిద్దుటకు పోవలసి వచ్చెను. అత్తగారు, నేను, పదేండ్ల మా అమ్మాయి, ఈ ముగ్గురమే ప్రయాణస్థులము.

మెట్రోలో నొక్క స్టేషను దాటినచో పంజాగుట్ట. అచ్చట నొక టిక్కెట్ల కచేరికి పోయితిని. కుఱ్ఱవాడు మర్యాదస్థుడు. మంచినీరిచ్చి కూర్చుండబెట్టి, బొమ్మలు చూపెను. గదులు ముఖ్యముగా మూడు తెఱగులు. ఓడ కడుపులో నుండు కిటికీ లేని గది యొకటి. సముద్రమువైపు అద్దపు కిటికీ గల గది రెండవది. బయట కూర్చుండుటకు వసారా గలది మూడవది. ఈ మూడవదానిని నేను ధర విన్న వెంటనే మఱచితిని. మా అద్దెయింటి వసారాలో బట్టలారవేయుటకు తప్ప కూర్చుండుట కెన్నడును తీఱలేదు. ఇక తగవు మొదటి రెంటికే. మా ముగ్గురి మీదను ఆ రెంటికిని గల తేడా యించుమించు మా యింటి నెల యద్దె.

ఆ సొమ్ముతో కొనునదేమని నిదానించి చూచితిని. భోజనశాల యందఱకు నొకటే. నాటకశాల యొకటే. పైనున్న డెక్కులు టిక్కెట్టు కొన్న ప్రతివారివి. రేవు రుసుము ఎక్కువ గదికైనను తక్కువ గదికైనను తప్పదు. ఒక గదిలో మూడవ మనిషికి వెల కొంత తగ్గునన్నది నిజమేగాని, ఆ తగ్గింపు రెండు తరగతులకును ఉన్నది. తుదకు మిగిలినది గోడలో నొక రంధ్రము, దానికొక యద్దము. ఆ యద్దమును తెఱచుటకైన వీలులేదు, గాలి రాదు. దీనికి నెల యద్దెయా!

మావారు లెక్కల మాస్టారు. ఆ రాత్రి కాగితము తీసి గీతలు గీసిరి. నిద్ర గంటలు తీసివేసిరి, భోజనముల గంటలు తీసివేసిరి, అమ్మాయి ఆటలకు, నాటకములకు తీసివేసిరి. మిగిలిన నాలుగైదు గంటలచే తేడాను భాగించి, "గంటకు ఇంత పెట్టి సముద్రం చూడటంకంటే, మెట్లెక్కి పైకి పోయి ఊరికే చూడవచ్చుగదా" అనిరి. లెక్కలో తప్పు కనబడలేదు.

మా వీథిలో ఆడపిల్లల హాస్టలు నడుపునొకామె నాకు స్నేహితురాలు. మా పేటలో సాఫ్ట్‌వేరు చదువులకై వచ్చు పిల్లలతో హాస్టళ్ళు కిటకిటలాడుచుండును గదా. ఆమె యిల్లును నలుగురుండు గది, ముగ్గురుండు గది యని పంచియున్నది, కిటికీ గలదానికి కొంచె మెక్కువ. ఆమె నడిగితిని. "పొద్దున పోయి రాత్రికి వచ్చే పిల్లకు కిటికీ లేకున్నా నడుస్తది వదినా. ఇంట్ల కూసొని చదివే పిల్లకు లేకుంటే నెలకే ఖాళీ చేస్తది" అనెను. అప్పుడామాట నాకంతగా నాటలేదు.

అత్తగారినడిగినచో ఒకటే జవాబు. "మా నాన్నకు గోడే లేదు, నాకు కిటికీ ఎందుకమ్మాయీ? డబ్బు దండుగ."

ఇంతలో నేనా యోడ పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనసాగితిని. 1990లో ఫ్రాన్సు దేశపు సాఁ నజేర్ నగరమున కట్టిరి. పొడవు 210 మీటర్లు, గదులు ఇంచుమించు ఎనిమిది వందలు. మొదట నార్డిక్ ఎంప్రెస్, పిదప ఎంప్రెస్ ఆఫ్ ది సీస్, చేతులు మాఱిన కొలదిని పేరునకు ముందు వెనుకలు మాఱినవిగాని ఎంప్రెస్ అన్నది మాఱలేదు. మన యాడువారి యింటిపేర్ల వంటిదే.

గదుల సంగతి యింకను చిత్రము. వెల యెక్కువైనంత మాత్రమున సుఖమెక్కువ యనుకొనుట పొరపాటు. పిల్లలాడుకొను తూగుడుబల్లను తలచుకొనుడు. కొనలు పైకి క్రిందికి పోవును, నడుమ నున్నవానికి కదలికయే తెలియదు. ఓడయు నంతే. ముక్కు దగ్గఱ, పైయంతస్తున నున్న ఘనమైన గదికంటె, నడుమ భాగమున క్రింది యంతస్తున నున్న చిన్న గది నిలకడగానుండును. జూను నెలలో నైరుతి ఋతుపవనము వచ్చును. బంగాళాఖాతము ఊరకుండదు. ఇది తెలిసికొనక పైగదికి సొమ్ము పోసినవారు దానిని వాంతుల పాలు చేసికొందురు. మఱియు కొన్ని కిటికీలకెదురుగా ప్రాణరక్షక పడవలు వ్రేలాడుచుండును. సముద్రమునకు వెలయిచ్చి పడవ యడుగు చూడవలెను. నాట్యశాల క్రిందిగదికి నిద్ర పట్టదు, లిఫ్టు ప్రక్కదానికి శాంతి యుండదు. కావున గది కొనువారు గది బొమ్మ కాదు, ఓడ పటమును చూడవలెను. మన గదికి పైనేమున్నది, క్రిందనేమున్నది, వెలుపల నేమున్నది? నేనీ ప్రశ్నలడుగగా పంజాగుట్ట కుఱ్ఱవాడు, "అన్నీ బాగుంటాయి మేడం" అనెను. పటము తెప్పించి యిచ్చువఱకు నేను కుర్చీ విడువలేదు.

కిటికీ లేని గదికిని దోషమున్నది. దీపమార్పినచో తెల్లవాఱినదో లేదో తెలియని గాఢాంధకారము. కడుపులో త్రిప్పినప్పుడు దూరమున నీరును ఆకాశమును కలియు గీతను చూచుచుండిన నెమ్మదించునందురు. అందుకును దారి లేదు. అయినను నడిమి భాగమున క్రిందిగది, కిటికీ లేనిది, చాలునని నామనస్సు మొగ్గినది. మఱునాడు సొమ్ము కట్టుదమనుకొంటిని.

ఆ రాత్రి మూడు గంటలకు దాహమై లేచితిని. వసారా తలుపు తీసియున్నది. దొంగలనుకొని గుండె గుబేలుమన్నది. చూడగా ఆరవేసిన బట్టల నడుమ పీటమీద అత్తగారు కూర్చుండియున్నారు. ఎదుట హాస్టలు కిటికీలలో రెండు మూడు దీపములు, అవతల మెట్రో వంతెన నల్లగా. పాలవ్యాను ఇంకను రాలేదు.

"ఏమత్తయ్యా, ఒంట్లో బాగాలేదా?" అంటిని.

"బాగానే ఉంది. రోజూ ఇంతేగా, నువ్వు పడుకో" అనిరి.

రోజూ! మామగారు పోయిననాటినుండి రెండు దాటిన పిదప ఆమెకు నిద్ర లేదట. చీకటిలో పరుండజాలక ఇచ్చటికి వచ్చి, తెల్లవాఱు వఱకు వీథి చూచుచుందురట. పదునొకండేండ్లుగా ఒకే యింటిలోనుండి నాకిది తెలియదు. ఉదయము నేను లేచునప్పటికి ఆమె స్నానము చేసి పువ్వులు కోయుచుందురు. ముసలివారు పెందలకడ లేతురని యనుకొంటిని.

నేను మరల పరుంటిని గాని నిద్ర రాలేదు. మావారి లెక్కలో తప్పు ఎక్కడనున్నదో యప్పుడు తెలిసినది. నిద్ర గంటలని కొట్టివేసినవి మా నిద్ర గంటలు. ఓడలో రాత్రి మూడింటికి ఈమె యేమి చేయును? మోకాళ్ళ నొప్పులతో ఆ పొడుగు వరండాలు నడచి, మెట్లెక్కి, తడిసిన డెక్కుమీదికి గాలిలో నొంటిగా పోగలదా? నన్ను లేపునా? లేపదు. ఆ గాఢాంధకారములో మంచముమీద కూర్చుండి, తెల్లవాఱినదో లేదో తెలియక, ఉదయమున "బాగా నిద్రపట్టిందమ్మాయీ" అనును. ఆమె తండ్రికి గోడ లేదన్న మాట నిజమే. ఆయనకిరువది యేండ్లు, ఆయన మోకాళ్ళు ఆయనవి.

(ప్రయాణములో చూచితిని గదా, అమ్మాయియు నేనును పగలు గదిలో నున్నది తక్కువ. మా యిద్దఱి విషయమున మావారి లెక్క యక్షరాల సరియే. వయస్సున్నవారు డెక్కులను నమ్ముకొని కిటికీ లేని గది నిశ్చింతగా తీసికొనవచ్చును.)

మఱునాడెవరితోను చెప్పక పంజాగుట్ట పోయి, నడిమి భాగమున కిటికీ గది కోరితిని. అందులోను రెండు విధములు. గది సంఖ్య మనమేఱుకొన్న నొక వెల. తరగతి మాత్రము మనది, సంఖ్య వారిష్టమన్నచో కొంచెము తక్కువ. చవుకయని రెండవది వ్రాయించితిని, పడవ యడ్డుపడని కిటికీ యిత్తుమని కుఱ్ఱవానిచే మాట తీసికొని. ఆ తేడాకు బదులుగా చెన్నపట్టణమున కొనదలచిన చీరను మానుకొంటిని. తిరుగు రైలులో ఏసీ మాని స్లీపరు చేయించితిని.

అమ్మాయి నోట గుట్టు నిలువదు. మధ్యాహ్నమునకే అత్తగారికి తెలిసినది. "నా కోసమని ఎవరు చెప్పారు? నేనడిగానా?" అని సాయంకాలము వఱకు నాతో మాటలాడలేదు. మావారు కాగితము తీసి మరల మడచిరి, ఏమియు ననలేదు.

దీపము పెట్టినవేళ ఆమెయే వంటింటిలోనికి వచ్చి, చిక్కుడుకాయలు ముందుకు లాగికొని ఈనెలు తీయుచు, తలయెత్తక, "అమ్మాయీ, కిటికీ ఏ పక్కకొస్తుంది?" అనిరి.

"ఏ పక్కైతేనేమత్తయ్యా, సముద్రమేగా."

"కాదే. విశాఖనించి కిందికి పోతుంటే కుడిచేతి పక్క మన గట్టు. గట్టు నాకెందుకు, పుట్టినప్పట్నించీ చూస్తున్నదే. ఎడమ పక్కన..." అని యాగిరి.

నేను అమ్మాయి బడి అట్లాసు తెచ్చి వంటింటి గట్టుమీద పఱచితిని. విశాఖపట్టణముమీద వ్రేలుంచి నేరుగా తూర్పునకు నీలముమీద జరుపుకొనిపోయిన, కొంచెము దిగువగా తగిలినది రంగూనే.

మఱునాడు ముచ్చటగా మూడవమాఱు పంజాగుట్ట. సంఖ్య మేమే యేఱుకొందుము, తేడా కట్టెదను, ఎడమ ప్రక్క గది కావలెనంటిని. కుఱ్ఱవాడు పటము చూచి, "రెండు వైపులా ఒకటే రేటు మేడం, ఎవరూ ఇలా అడగరు. ఎడమవైపే ఎందుకండీ?" అనెను.

"అటు రంగూనున్నది" అంటిని.

అతడు కంగారుపడి టిక్కెట్టును పైనుండి క్రిందివఱకు చదివి, "మేడం, ఈ షిప్పు అక్కడికి పోదండీ" అనెను.

"తెలియును నాయనా, గది వ్రాయుము" అంటిని.