పాతబస్తీలో థియరీ పేపరు

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది దిద్దిన పేపర్లలో ఒకటి ఇప్పటికీ కళ్లముందు ఉంది. మాక్స్ వెబర్ చెప్పిన 'ఆదర్శ రూపం' గురించి రాయమంటే ఒకబ్బాయి గాంధీగారి మీద రెండు పేజీలు రాశాడు. సత్యం, అహింస, మద్యనిషేధం, అన్నీ ఉన్నాయి. సున్నా వేశాను. కట్టంతా దిద్దేసరికి నలభైమందిలో పదిహేనుమంది అదే దారి పట్టారని తేలింది. అంటే సున్నా పడాల్సింది నాకు. బోర్డు మీద ఆ మాట రాసి, ఇక్కడ ఆదర్శం అంటే మంచిదని కాదురా నాయనా అని ఒక్క ముక్క చెప్పకుండా గంట కొట్టగానే దిగిపోయాను.

ఆదర్శ రూపం దర్జీ దగ్గర ఉండే అట్టముక్క లాంటిది. షేర్వాణీ కోసం కత్తిరించి పెట్టుకుంటాడు. సరిగ్గా ఆ అట్టలాంటి మనిషి ఊళ్లో ఎవడూ ఉండడు. కానీ దాన్ని ఆనించి చూస్తేనే ఎవరి భుజం ఎంత జారిందో తెలుస్తుంది. వెబర్ గీసిన ఆఫీసు కూడా అంతే: రాతపూర్వక నియమాలు, ఫైళ్లు, ఒకరిపై ఒకరు అధికారులు, మొహం చూసి పని చేయకపోవడం. ఆదాయ సర్టిఫికెట్ కోసం తిరిగిన పిల్లలకు ఇది విడమరిచి చెప్పే పనే లేదు. "మీ పని ఎక్కడిదాకా అట్ట ప్రకారం నడిచింది, ఎక్కడ మామయ్యకి తెలిసినాయన అడ్డొచ్చాడు, రాసుకురండి" అంటే చాలు. ఈ కిటుకు నాకు నాలుగో ఏడు తట్టింది. ముందు మూడు బ్యాచులకి క్షమాపణలు.

పాతబస్తీలో డిగ్రీ పిల్లలకు ఇరవై ఏడేళ్లుగా సోషియాలజీ చెబుతున్నాను. పుట్టింది అలియాబాద్‌లో. బీఏ చదివిందీ ఈ చుట్టుపక్కలే. థియరీ పేపరంటే పిల్లలకు హడల్. మా రోజుల్లో నాకూ హడలే. గైడు తెరిస్తే ప్రతి పెద్దమనిషికీ ఒకటే వరుస: జననం, మరణం, రచనలు, నిర్వచనం, విమర్శ. ఆగస్ట్ కాంట్ అయిపోగానే స్పెన్సర్, స్పెన్సర్ అయిపోగానే డర్క్‌హైమ్. రైల్వే టైంటేబుల్లా బట్టీ పట్టాను. నలభై ఒక్క మార్కులొచ్చాయి.

ఆ మార్కులు చూసి మా మాస్టారు నన్ను ఇరానీ హోటల్‌కి తీసుకెళ్లారు. రెండు చాయ్, ఒక ఉస్మానియా బిస్కెట్ చెప్పి, బిస్కెట్ నావైపు నెట్టి, ఒక్క ప్రశ్న వేశారు. "డర్క్‌హైమ్ ఎవరితో కొట్లాడుతున్నాడు?" నాకు తెలియలేదు. కొట్లాట ఉందనే తెలియదు. "వాడు 1897లో ఆత్మహత్య మీద పుస్తకం రాస్తే, మనిషి మనసులోనే అంతా ఉందనేవాళ్లని, వంశంలో ఉందనేవాళ్లని, వాతావరణంలో ఉందనేవాళ్లని, ఒకణ్ణి చూసి ఒకడు చేస్తాడనేవాళ్లని వరసపెట్టి ఎదుర్కొన్నాడు. ఎవరితో తగాదానో తెలియకుండా జవాబు చదివితే నీకేం అర్థమవుతుంది?" అన్నారు. మీరు నేర్చుకోవాల్సిన మొదటి పనీ ఇదే. పేరు కనపడగానే పుట్టిన తేదీ వెతక్కండి. ఎదుటి పక్షం ఎవరో వెతకండి.

రెండో పని, ఆ తగాదాని మీ గల్లీకి తెచ్చుకోవడం. నాకది అనుకోకుండా జరిగింది. డర్క్‌హైమ్ 1912 పుస్తకంలో పవిత్రం, లౌకికం అనే విభజన ఉంటుంది. వస్తువులోనే పవిత్రత ఉండదు, జనం కూడి దానికి పెడతారంటాడు. నాకు మింగుడుపడలేదు. ఆషాఢం వచ్చింది. లాల్ దర్వాజా బోనాలకి అమ్మ కుమ్మరి దగ్గర కుండ బేరమాడి తెచ్చింది. ఇంటికి రాగానే మూలన పడేసింది. నేను దానిమీద తువ్వాలు ఆరేసినా ఏమీ అనలేదు. ఆదివారం పొద్దున దానికి సున్నం, పసుపు, కుంకుమ పెట్టి, వేపమండలు కట్టి, అన్నం వండి నింపి, పైన దీపం పెట్టింది. పక్కకి జరుపుదామని చెయ్యి వేశాను. "స్నానం చెయ్యకుండా ముట్టుకుంటావురా!" అని కేక పెట్టింది. నిన్నటిదాకా తువ్వాలు మోసిన కుండే. మట్టి మారలేదు. మధ్యలో ఏం మారింది? పరుగున వెళ్లి పుస్తకం తెరిచాను. ఆ రోజు రాసుకున్న అరపేజీ నా జీవితంలో నాకు నిజంగా అర్థమై రాసిన మొదటి థియరీ జవాబు. మొహర్రంలో పీర్లు లేచే రోజు బీబీ కా అలావా దగ్గర పెరిగిన పిల్లలు ఇదే ముక్క అలంతో చెబుతారు. వాళ్లు చెబితే నాకంటే బాగుంటుంది.

పదాల దగ్గర జాగ్రత్త. మా క్లాసులో ఇంగ్లిష్ గైడు ఒకరిది, తెలుగు అకాడమీ పుస్తకం ఒకరిది, ఇంట్లో మాట్లాడేది దక్కనీ. డర్క్‌హైమ్ 'సేంద్రియ సంఘీభావం' గురించి రాయమంటే సేంద్రియ ఎరువుల ప్రయోజనాలు రాసినవాళ్లున్నారు. సిమ్మెల్ 'అపరిచితుడు' అనగానే వెనక బెంచీ మొత్తం సినిమాలో విక్రమ్‌లా జుట్టు మొహం మీదికి వేసుకుంటుంది. వేసుకోనివ్వండి, ఆ తరువాత చెప్పండి. సిమ్మెల్ అపరిచితుడు వచ్చిపోయే బాటసారి కాడు. వచ్చి ఉండిపోయినవాడు. దగ్గరే ఉంటాడు, మనవాడు కాడు. ఈ ఊళ్లో ముల్కీ (ఇక్కడివాడు), గైర్ ముల్కీ (బయటివాడు) అన్న మాటలు తాతల నుంచి విన్న పిల్లలకి ఇంకేం వివరించాలి? 1952 సెప్టెంబరులో ముల్కీ ఉద్యమం మీద పోలీసు కాల్పులు జరిగింది సిటీ కాలేజీ దగ్గరే. ఆ దారినే వాళ్లు రోజూ బస్సు దిగుతారు. సంవత్సరాలు గుర్తుండవంటారా? సిమ్మెల్ ఆ వ్యాసం అచ్చయింది 1908. మూసీ వరద వచ్చిన ఏడాది. ఇక మరిచిపోరు.

ఇంకొకటి ఒక విద్యార్థి తాతగారు నేర్పారు. మనవడి పుస్తకం తిరగేసి, "మా కాలంలో దీన్ని ఇమ్రానియాత్ అనేవాళ్లం" అన్నారు. ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో పుట్టింది కదా, అంతకుముందు ఏడాదే పాఠ్యపుస్తకాల అనువాదానికి దారుల్ తర్జుమా పెట్టారు. ఆ మాట వెనక ఉన్నది ఇబ్న్ ఖల్దూన్ 'ఉమ్రాన్'. ఆయన ముఖద్దిమా రాసింది 1377లో. కాంట్ 'సోషియాలజీ' అనే పేరు అచ్చులో వాడింది 1830ల చివర. అప్పటినుంచి నేను పాఠం కాంట్‌తో మొదలుపెట్టడం మానేశాను. అయితే ఇక్కడా ఒక గుంట ఉంది. ఖల్దూన్ 'అసబియా' అంటే గుంపుని కలిపి ఉంచే బలం. నేటి ఉర్దూలో అసబియత్ అంటే పక్షపాతం, దురభిమానం. ఉర్దూ వచ్చిన పిల్లలే ముందు పడతారు అందులో.

మార్క్స్ దగ్గర నేను పడ్డాను. పరాయీకరణ పాఠం నాకు కంఠతా వచ్చు. 1844 నాటి రాతప్రతుల్లోది, 1932దాకా పూర్తిగా అచ్చు కాలేదు. కార్మికుడు తను చేసిన వస్తువుకి, చేసే పనికి, సాటి మనిషికి, చివరికి తనలోని మనిషితనానికి పరాయివాడవుతాడు. ఒక ఏడాది ఉదాహరణగా లాడ్ బజార్ లక్క గాజులు చెప్పాను. "చేసిన మనిషికి ఆ గాజు ఎవరిదో" అన్నాను నాటకీయంగా. మూడో బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. "అట్లేం లేదు సార్. మా అమ్మీ తన గాజుని దుకాణం అద్దంలోంచి గుర్తుపడుతుంది."

మరుసటి శుక్రవారం వాళ్లింటికి వెళ్లాను. ఒక గది. వాళ్ల నాన్న బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబరిచి, బల్ల మీద దొర్లించి తీగలా సాగదీసి, తుంచి, వేడి మీదే రెండు కొసలు అతికించి, గుండ్రటి కర్రకి తొడిగి సైజు చూస్తున్నాడు. లక్క చల్లారితే పగులుతుంది, ఎక్కువ వేడెక్కితే జారుతుంది. ఆయన చేతికి మాత్రం తెలుసు. వాళ్లమ్మ గాజుని వెచ్చచేస్తూ రాళ్లు, అంటే నగ్‌లు, ఒక్కొక్కటే అద్దుతోంది. అతుకు దగ్గరికి వచ్చేసరికి ఆగి, డబ్బీలోంచి వేరే ఆకుపచ్చ నగ్ ఏరి పెట్టింది. "ఎందుకమ్మా?" అంటే నవ్వింది. "వో మేరా హై." అతుకు కనపడకుండా ఉండటానికి, తనదని తెలియడానికీ.

మార్క్స్ ఓడిపోయాడా? ఆ రాత్రంతా అదే ఆలోచన. ఆ అమ్మాయే తేల్చింది, అసైన్‌మెంట్‌లో. అమ్మ తన గాజుని గుర్తుపడుతుంది, దాని ధర మాత్రం దుకాణం అద్దంలోంచే తెలుసుకుంటుంది అని రాసింది. పనిలో పరాయితనం లేదు, బేరంలో ఉంది అని రాసింది. అమ్మ చేతికి ఉన్నవి గాజు గాజులు, లక్కవి కావు అని చివర రాసింది. నేను దిద్దిన వేల పేపర్లలో ఎర్ర సిరా పెట్టబుద్ధి కానిది అదొక్కటే.

మూడో పని కూర్చోవడం. గోఫ్‌మన్ షెట్లాండ్ దీవుల్లో ఒక హోటల్ గమనించి, వడ్డించేచోట ఒక మొహం, వంటగదిలో ఒక మొహం అని పట్టుకున్నాడు. మా పిల్లల్ని ఇరానీ హోటల్లో గంటసేపు కూర్చోబెడతాను. ఎవరు ఎక్కడ కూర్చున్నారు, బిల్లు ఎవరు లాక్కున్నారు, ఆడపిల్లలు ఏ వైపు వెళ్లారు, రాసుకోవాలి. అభిప్రాయం వద్దు, చూసింది చాలు. మొదటిసారి అందరూ 'వాతావరణం సందడిగా ఉంది' అని రాస్తారు. కొట్టేస్తాను. మళ్లీ పంపిస్తాను. రాసింది రెండు చోట్ల ఉంచుకోండి. నా ఎంఏ ఫీల్డు నోట్సు మొత్తం ఆటోలో పోయింది, ఒక్క పుస్తకంలో పెట్టుకున్న పాపానికి. సోషియాలజిస్టు ఎమ్మెన్ శ్రీనివాస్ వర్గీకరించి పెట్టుకున్న రాంపుర గ్రామం నోట్సు 1970లో స్టాన్‌ఫర్డ్‌లో ఎవరో పెట్టిన మంటలో కాలిపోయింది. ఆయన జ్ఞాపకంలోంచి గొప్ప పుస్తకం రాశారు. నేను రెండు నెలలు ఏడ్చాను.

శ్రీనివాస్ పేరొచ్చింది కాబట్టి ఒక ఫిర్యాదు. నా డిగ్రీ మూడేళ్లలో అంబేడ్కర్ని సోషియాలజిస్టుగా ఎవరూ పరిచయం చేయలేదు. రాజ్యాంగం దగ్గర ఆపేశారు. 1916లో కొలంబియాలో పాతికేళ్ల వయసులో ఆయన చదివిన 'కాస్ట్స్ ఇన్ ఇండియా' పేపరు ఎంతో ఉండదు. ఒక మధ్యాహ్నం చాలు. స్వకుల వివాహమే కులానికి మూలమని పట్టుకుని, ఒక వర్గం తలుపు మూసుకుంటే మిగతావాళ్లు ఎలా అనుకరించారో చెప్పడానికి ఫ్రెంచివాడు టార్డ్‌ని తెస్తాడు. ఈ టార్డ్ ఎవరనుకున్నారు? 'ఒకణ్ణి చూసి ఒకడు' అన్నందుకు డర్క్‌హైమ్ కొట్లాడిన ఆసామే. మా మాస్టారి ప్రశ్న ఇక్కడికొచ్చి తగిలింది నాకు. నేను కాంట్‌కి ముందే ఆ పేపరు చదివిస్తాను. సిలబస్ వరుస తప్పిందని ఇప్పటివరకూ ఏ పిల్లవాడూ ఫెయిల్ కాలేదు.

ఆఖరున ఒక విన్నపం. ఎస్సీ దూబే ఉస్మానియాలో ఉండగా శామీర్‌పేట మీద చేసిన అధ్యయనం 1955లో 'ఇండియన్ విలేజ్'గా వచ్చింది. మన పక్క ఊరు ప్రపంచమంతా చదివిన పుస్తకమైంది. మా మాస్టారు తన కాపీ నాకిచ్చారు. నేను ఒక బ్యాచులో ఎవరికో ఇచ్చాను, ఎవరికో రాసుకోలేదు. అట్ట చిరిగి ఉంటుంది, అంచుల్లో పెన్సిల్ రాతలు ఉంటాయి, అవి ఆయనవి. మీ ఇంట్లో ఉంటే తెచ్చివ్వండి. జరిమానా లేదు. చాయ్ నేనే తాగిస్తాను.