తప్పు చింతచిగురుది కాదు

మొదటిసారి చైత్రంలో జరిగింది. ముందురోజు చింతచిగురు రొయ్యలు వండాను. పొద్దున్నే అత్తయ్యగారు గదిలోంచి బయటికొచ్చి, "అమ్మాయ్, నా మూతి ఇలా ఉందేమిటో చూడు" అన్నారు. పైపెదవి మిరపకాయ బజ్జీలా ఉబ్బి ఉంది. నిజం చెప్పొద్దూ, ముందు నవ్వొచ్చింది. ఆవిడకీ వచ్చింది కానీ పెదవి సాగలేదు.

రొయ్యలు పడలేదని అందరం తేల్చేశాం. మందుల షాపు అబ్బాయి సిట్రిజిన్ ఇచ్చాడు. రెండు రోజులకి వాపు తీసేసింది. మాత్ర గొప్పదనమే అనుకున్నాం. అది వేసినా వేయకపోయినా ఆ వాపు రెండు మూడు రోజుల్లో దానంతటదే తగ్గేదేనని అప్పుడు ఎవరికి తెలుసు?

శ్రావణంలో మళ్ళీ వచ్చింది. ఈసారి బుగ్గ, కంటి కింద. ముందురోజు గుత్తివంకాయ. ఇంకేముంది, వంకాయ దోషి. సాయంత్రానికి మా ఆడపడుచు ఫోను. "వదినా, అమ్మకి ఏం పెడుతున్నావసలు?" నేను తెలుగు బి.ఎ. చదివినదాన్ని. ఒక్క మాటలో ఎంత నింపొచ్చో నాకు తెలుసు. ఆ "అసలు" రెండు నెలలు నా చెవిలోనే ఉండిపోయింది.

తర్వాత మా వంటింట్లో గోంగూర లేదు, వేరుశెనగ లేదు, రొయ్యల సంగతి సరేసరి. పెసరపప్పు చారు, బీరకాయ కూర, పొట్లకాయ, మళ్ళీ బీరకాయ. పక్కింటి పిన్నిగారు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పోయారు. మావారు పేపరు అడ్డం పెట్టుకున్నారు. అత్తయ్యగారు నన్ను ఒక్కమాట అనలేదు. కానీ కంచం ముందు కూర్చుని, "ఇందులో ఏం వేశావు?" అని అడగడం మొదలుపెట్టారు. 23 ఏళ్ళుగా నా చేతి వంట తింటున్న మనిషి ఒక్కనాడూ అడగని ప్రశ్న అది.

మూడోసారి కార్తీక సోమవారం. ఆవిడ ఉపవాసం. పొద్దున్న కాఫీ తప్ప నోట్లో ఏమీ పడలేదు. మధ్యాహ్నం నాలుగింటికి పిలిస్తే పలికారు, మాట మాత్రం ముద్దముద్దగా వచ్చింది. నాలుక వాచింది. అరగంటలో ఉమ్ము మింగలేక చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. పెదవి వాస్తే నవ్వొచ్చింది కానీ నాలుక వాస్తే కాళ్ళు వణికాయి. ఆటోలో ఎలా వెళ్ళామో నాకు గుర్తులేదు.

ఆస్పత్రిలో అలర్జీకి ఇచ్చే ఇంజెక్షన్లన్నీ ఇచ్చారు. గంటైనా నాలుక తగ్గలేదు. డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు, మా పెద్దాడి కంటే నాలుగేళ్ళు పెద్ద ఉంటాడేమో, వచ్చి నిలబడ్డాడు.

"ఏం తిన్నారమ్మా?"

"ఏమీ తినలేదండీ, ఉపవాసం."

"దురద, దద్దుర్లు ఏమైనా?"

"ఒక్కటి కూడా లేదు."

"మందులేమైనా వాడుతున్నారా?"

"ఏమీ లేవండీ... బి.పి. మాత్ర తప్ప."

ఆ "తప్ప" దగ్గర అతను ఆగిపోయాడు. ఏ మాత్ర అన్నాడు. నాకు పేరు రాలేదు. రంగు చెప్పాను, సైజు చెప్పాను! ఇంటికి ఫోన్ చేస్తే చిన్నాడు మాత్రల అట్ట ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు. రామిప్రిల్.

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు."

"పొడిదగ్గు ఉందా?"

ఉంది. రెండేళ్ళుగా ఉంది. ఏసీ గాలి అనుకున్నాం, దుమ్ము అనుకున్నాం, నేను మిరియాల కషాయం కాచి పోశాను. ఆ దగ్గు కూడా ఆ మాత్రదే అయ్యుంటుందన్నాడు.

దీన్ని యాంజియోఎడీమా అంటారట. చర్మం పైపొరలో వస్తే దద్దుర్లు, లోపలి పొరల్లోకి నీరు దిగితే ఇలా వాపు. తిండి పడకపోతేనో, కందిరీగ కుడితేనో, నొప్పి మాత్రలు పడకపోతేనో వచ్చే రకం వేరు. దానికి తరచుగా దురదా దద్దుర్లూ తోడుంటాయి, అలర్జీ మందులకి లొంగుతుంది. అందులోనూ ఊపిరాడకపోయినా, కళ్ళు తిరిగి పడిపోయినా తొడకి వెంటనే అడ్రినలిన్ ఇంజెక్షన్ పడాల్సిందే. వంశపారంపర్యంగా వచ్చే రకం ఇంకోటి ఉంది. రక్తంలో ఉండాల్సిన ఒక ప్రోటీను కొరవడి చాలామందికి చిన్నతనం నుంచే వాపులు వస్తుంటాయట. పేగులు వాచి కడుపునొప్పి వస్తే అపెండిక్స్ అనుకుని కోసినవాళ్ళూ ఉన్నారట. అందుకే అతను మీ పుట్టింట్లో ఎవరికైనా ఇలా ఉందా అని ఆవిడని అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు.

మా అత్తయ్యగారిది మాత్ర రకం. నాకు అర్థమైన పద్ధతిలో చెబుతాను. మన ఒంట్లో ఒక ఎంజైము ఉంది. పనమ్మాయిలాగా దానికి రెండు పనులు. రక్తనాళాలు బిగుసుకునేలా చేసి బి.పి. పెంచడం ఒకటి, బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేయడం రెండు. మాత్ర దాన్ని మొదటి పని చెయ్యనివ్వదు. బి.పి. తగ్గుతుంది. కానీ పనమ్మాయిని వాకిట్లోనే ఆపేస్తే లోపల అంట్లు కూడా పేరుకుంటాయి కదా! ఆ పేరుకున్న బ్రాడీకైనినే కొందరిలో సన్నని నాళాల్లోంచి నీరు బయటికి కారేలా చేస్తుంది. సిట్రిజిన్ హిస్టమిన్‌ని ఆపే మందు. ఇక్కడ గొడవ హిస్టమిన్‌ది కాదు. అందుకే ఇంజెక్షన్లకీ లొంగలేదు.

మూడేళ్ళు వాడాక ఇప్పుడు రావడమేమిటని అడిగాను. మొదటి వారంలో రావచ్చు, ఏళ్ళ తర్వాతా రావచ్చు అన్నాడు. రోజూ రాదు, నెలల తేడాతో వచ్చిపోతుంది కాబట్టే ఇంట్లోవాళ్ళు ముందురోజు కూర మీదకి నెట్టేస్తారట. ఆ మాటకి నేను మావారి వైపు చూశాను. ఆయన గోడ మీద పోస్టరు చదువుతున్నారు.

రాత్రంతా ఆవిడ పక్కన మత్తు డాక్టరు ఒకాయన వచ్చి చూసి వెళ్తూనే ఉన్నారు. గొంతు మూసుకుంటే గొట్టం వెయ్యాలి, అందుకు. ఆ అవసరం రాలేదు. పదింటికి ఆవిడ సైగ చేసి కాగితం అడిగారు. చివరి మాటలు రాస్తారేమోనని నాకు గుండె జారింది. "పాలు పొయ్యి మీద పెట్టి వచ్చావు, ఆపావా?" అని రాశారు.

తెల్లారేసరికి నాలుక కొంచెం లోపలికి వెళ్ళింది. రెండో రోజు ఇంటికొచ్చాం. మాత్ర మార్చారు, ఇప్పుడు ఆమ్లోడిపిన్. రామిప్రిల్ ఒక్కటే కాదు, ఆ కుటుంబం మాత్రలేవీ ఇక జన్మలో వాడకూడదన్నారు. ఎనాలాప్రిల్, లిసినోప్రిల్, పెరిండోప్రిల్... ప్రత్యయం పట్టుకుంటే పదం పుట్టుపూర్వోత్తరాలు తెలుస్తాయని మా తెలుగు మేష్టారు అనేవారు. అది మందుల అట్ట మీద పనికొస్తుందని ఆయనా అనుకుని ఉండరు. మాత్ర ఆపాక కూడా కొన్ని వారాలు వాపు రావచ్చని ముందే చెప్పారు. ఇరవై రోజులకి కింద పెదవి కాస్త వాచింది. మళ్ళీ ఆస్పత్రికి పరుగెత్తాం, నాలుక జోలికి పోకుండా తగ్గింది. తర్వాత లేదు.

ఇది విని పక్కింటి పిన్నిగారు తన ప్రిల్ మాత్ర మానేశారు. నాలుగు రోజులకి తెలిసి గట్టిగా కోప్పడ్డాను. నూటికి ఒక్కరికి కూడా రాదిది. గుండెకీ, షుగరున్నవాళ్ళ కిడ్నీలకీ ఎంతో మంచి మందట. మీరూ ఇది చదివి అట్ట చెత్తబుట్టలో వెయ్యకండి. పెదవో బుగ్గో ఊరికే వాస్తే డాక్టరుకి బి.పి. మాత్ర పేరు చెప్పండి. నాలుక వాచినా, గొంతు మారినా ఫోన్లూ దిష్టులూ వద్దు, సరాసరి ఆస్పత్రికే.

నాకు నిద్ర పట్టని సంగతి వేరే ఉంది. మూడేళ్ళు ప్రతి పొద్దునా కాఫీ గ్లాసుతో పాటు ఆ మాత్ర ఆవిడ అరచేతిలో పెట్టింది నేనే. వంకాయని అనుమానించాను, రొయ్యల్ని అనుమానించాను, మా మీద పడ్డ కళ్ళనీ కాస్త అనుమానించాను. రోజూ నా వేళ్ళతో ఒలిచి ఇచ్చినదాన్ని మాత్రం మందు లెక్కలోనే వేసుకోలేదు. ఉప్పూ పప్పూలాగా అయిపోయింది. ఇదే మావారితో అంటే, "రాసిచ్చింది డాక్టరు, నువ్వు కాదు కదా" అన్నారు. నిజమే. అయినా ఇప్పుడు ఆవిడకి కొత్త మాత్ర ఇచ్చేటప్పుడు అట్ట వెనక్కి తిప్పి పేరు చదివి గానీ ఒలవడం లేదు.

ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాడు అత్తయ్యగారు కూతురికి ఫోన్ చేసి స్పీకరులో పెట్టారు. "మీ వదిన వంట కాదే, మాత్ర" అన్నారు. అటు నుంచి కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత, "వదిన ఉందా అక్కడ?" అంది. నేను వంటింట్లో ఉన్నానని చెప్పమని సైగ చేశాను.

మొన్న చైత్రంలో బజారుకి చింతచిగురు వచ్చింది. కొనాలా వద్దా అని తటపటాయించి ఒట్టి పప్పులో వేశాను. అత్తయ్యగారు గరిటెతో రెండుసార్లు కలిపి చూసి, "రొయ్యలేవి?" అన్నారు.