గాజుపోగుకూ లక్షణమున్నది

తెలుగు చెప్పే నాకు కాంతితీగలతో ఏమి పని అని విద్యార్థి మిత్రులు అడుగవచ్చు. గణం తప్పితే పద్యం నిలువదు. ఈ తీగకూ అట్టి లక్షణమున్నది.

మన గ్రంథాలయానికి 150 మీటర్ల ఆప్టికల్ ఫైబర్ కేబుల్ వేయుటకు వచ్చిన కొటేషన్లను చూచాను. చౌకదానిలో ఫైబర్ రకమే వ్రాసి లేదు. పై తొడుగును చూచి లోపలి గాజుపోగును ఎంచలేము. 2002 నాటి ఐ ట్రిపుల్ ఈ 802.3ఏఈ ప్రమాణంలో, 850 నానోమీటర్ల కాంతితో సెకనుకు 10 గిగాబిట్ల వేగం ఓఎం1 రకంలో 33 మీటర్లకే పరిమితం. ఓఎం3లో 300 మీటర్లు సాగుతుంది.

భూమిలో పూడ్చిన తీగను మరల త్రవ్వి మార్చుట రెండవ వ్యయం. ఇంట కంప్యూటరు లేని విద్యార్థికి గ్రంథాలయమే ఆధారం. కనుక ధరకు ముందు రకం, దూరం, పరీక్షాఫలితం వ్రాతపూర్వకంగా అడుగవలెనని కమిటీ పెద్దలకు నా మనవి.