దేవుడి గదిలో అర్ధణా

మా వాడు ఎనిమిదో తరగతి. ఈ వేసవి సెలవుల్లో తొట్లకొండ చూసొచ్చాక వాడికి పాత నాణేల పిచ్చి పట్టుకుంది. ఆ కొండ మీద తవ్వకాల్లో శాతవాహనుల నాణేలు, రోమన్ వెండి నాణేలు దొరికాయని వాళ్ళ నాన్న చెప్పారు. యజ్ఞశ్రీ శాతకర్ణి వేయించిన సీసం నాణెం మీద రెండు కొయ్యల ఓడ ఉంటుందనీ చెప్పారు. బీచ్‌లో కూర్చుని పోర్టుకొచ్చే ఓడలు లెక్కపెట్టే పిల్లాడికి ఇంకేం కావాలి?

పండగలకి దాచుకున్న పన్నెండు వందలు పెట్టి, ఫోన్‌లో చూసి రెండు ఓడ నాణేలు తెప్పించాడు. ఒకటి తనకి, ఒకటి స్నేహితుడికి. సరే కొనుక్కో అన్నది నేనే.

నేను గారెలు తడుతుంటే పక్కన కూర్చుని, "అమ్మా, రెండిటికీ ఓడ కింద ఒకే చోట గుంట ఉందే" అన్నాడు. అంచు విరుపు కూడా ఒకటే. మావారు స్టీల్ ప్లాంట్ ఫౌండ్రీలో పనిచేస్తారు. ఒక్క చూపులో, "ఇవి పోతపోసినవిరా" అన్నారు. అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, మీద చిన్న చిన్న గాలి బుడగల గుంటలు చూపించారు. అప్పట్లో వీటిని ఒక్కొక్కటీ సుత్తితో కొట్టి చేసేవారట. ఒకే అచ్చుతో కొట్టినా బొమ్మ కలుస్తుందేమో గానీ, తర్వాత తగిలిన దెబ్బలు కలవవు. అసలువి చేత్తో తట్టిన గారెల్లా ఉండాలి. ఇవేమో ఇడ్లీ ప్లేటులోంచి తీసినట్టున్నాయి. అమ్మినవాడు మళ్ళీ ఫోన్ ఎత్తలేదు.

అక్కడితో అయిపోతే బాగుండేది. వాడు దేవుడి గదిలోకి చూశాడు.

మా మామగారు ఎప్పుడో తీర్థయాత్రలో కొన్న నాణెం అక్కడుంది. ఒకవైపు రామ పట్టాభిషేకం, రెండోవైపు ఈస్టిండియా కంపెనీ, అర్ధణా, 1818. "నీ ఇంజనీరింగ్ ఫీజు ఇదేరా" అంటారు అత్తయ్యగారు. కిందటి వారం ఎవరో ఫోన్ చేసి ఆరు లక్షలిస్తామన్నారట. ముందు రిజర్వ్ బ్యాంకు అనుమతికి నాలుగు వేలు కట్టాలట. ఆవిడ పెన్షన్ డబ్బులు తీసి పెట్టుకున్నారు.

రిజర్వ్ బ్యాంకు అలాంటి ఫీజులేవీ తీసుకోదని 2021లోనే ప్రకటించింది. ఇక కంపెనీ దేశమంతటికీ ఒకే రకం నాణేలు మొదలుపెట్టింది 1835లో. దాని అర్ధణా మీద కంపెనీ ముద్రే తప్ప దేవుడి బొమ్మ లేదు. 1818 రాముడి అర్ధణా అనేదే లేదు.

రాత్రి దీపం కొండెక్కాక చెప్పాను. ఆవిడ లక్షల సంగతి అడగలేదు. "అయితే మీ మామగారిని మోసం చేశారా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. నాణేనికున్న కుంకుమ కొంగుతో తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టేశారు. మర్నాడు ఫోనొస్తే, "మాది అమ్మంనాయనా" అని పెట్టేశారు.

మీ పిల్లలూ ఈ సరదా మొదలెడితే ముందు కొనకండి, చూపించండి. ఏ నాణెం ఎంత బరువుండాలో తెలుసుకుని తూయించండి. విక్టోరియా రాణి వెండి రూపాయైతే 11.66 గ్రాములు. అరిగితే కొంచెం తగ్గుతుంది గానీ, మరీ తేడా ఉంటే వదిలేయండి. వందేళ్ళు దాటిన నాణేలతో వ్యాపారం చెయ్యాలంటే 1972 చట్టం ప్రకారం లైసెన్సుండాలి. బిల్లు ఇచ్చేవాళ్ళ దగ్గరే కొనండి. పొలంలో దొరికిందంటే అసలు ముట్టుకోవద్దు. చింతపండుతో తోమకండి, పాతదనమే పోతుంది. సీసం నాణేలు పట్టుకుంటే చేతులు కడిగించండి.

మావాడు ఆ రెండు ఓడల్నీ పారెయ్యలేదు. డబ్బాలో పెట్టి మూత మీద 'దొంగవి' అని రాసుకున్నాడు. "నానమ్మది కూడా ఇందులో వెయ్యనా?" అని అడిగాడు. వద్దన్నాను.