పుస్తకం మూసిన తరువాత

ఆగస్టు 5, సోమవారం

పదో తరగతి. గుండె నిర్మాణం శుక్రవారం చెప్పాను. ఇవాళ బోర్డు మీద ఏమీ రాయకుండా, "పుస్తకాలు సంచిలో పెట్టి గుర్తున్నదంతా తెల్లకాగితం మీద రాయండి, మార్కులు వేయను" అన్నాను. "టీచర్, ఒక్కసారి చూసుకుంటాం" అని బతిమాలారు. చూడనివ్వలేదు.

కిటికీ పక్కన కూర్చునే అమ్మాయి నాలుగు గదులూ గీసింది. కర్ణికలు పైన, జఠరికలు కింద. పుపుస ధమని దగ్గర ఆగిపోయింది. ధమని కదా అని 'ఆక్సిజన్ ఉన్న రక్తం' అని రాసింది, కొట్టేసింది, మళ్ళీ అదే రాసింది. పుస్తకాలు తెరవమనగానే తిన్నగా ఆ బొమ్మకే వెళ్ళింది. "గుండె నుంచి బయటికి తీసుకెళ్తే ధమని, అంతే! లోపల ఏ రక్తమైనా సరే" అని పక్క పిల్లకు గట్టిగా చెబుతోంది. ఎంత ఆనందమేసిందో!

ఆగస్టు 7, బుధవారం

రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన పరిశోధన మళ్ళీ చదివాను. అమెరికాలో కాలేజీ విద్యార్థులతో ఒక చిన్న వ్యాసాన్ని రెండోసారి చదివించారు, ఇంకోదాన్ని చదివాక చూడకుండా రాయించారు. ఐదు నిమిషాలకు అడిగితే రెండోసారి చదివిందే ఎక్కువ గుర్తుంది. వారం తరువాత తారుమారైంది: చదివింది 42 శాతం, రాసింది 56 శాతం.

మన పిల్లలు గైడు చదివి మూసేసరికి అంతా వచ్చేసినట్టే ఉంటుంది. ఆ ధీమా పరీక్ష హాలు దాకా నిలవదు. స్లిప్ టెస్టులు మనమూ పెడుతున్నాం, కానీ మార్కులు రిజిస్టరెక్కాక ఆ కాగితం వైపు ఎవరూ చూడరు. తప్పు ఎక్కడ జరిగిందో పిల్లలు అప్పటికప్పుడు చూసుకోవాలి. అసలు పని అక్కడే ఉంది.

స్టాఫ్‌రూంలో లెక్కల మాస్టారు, "రోజూ ఇలా చేస్తే సిలబస్ ఎప్పటికవుతుంది మేడమ్?" అన్నారు. సిలబస్ నేను పూర్తి చేస్తే సరిపోదు కదండీ, వాళ్ళకు మిగలాలి.

ఆగస్టు 13, మంగళవారం

ఇప్పుడు మూడే ప్రశ్నలు: నిన్నటిది, పోయిన వారానిది, జులైలో చెప్పినది. పాతదే కష్టంగా ఉంది, ఉండాలి కూడా.

వెనక బెంచీ కుర్రాడు ఖాళీ కాగితం ఇచ్చాడు. దగ్గరికి పిలిచి, "పైత్యరసం ఏం చేస్తుందిరా?" అని అడిగాను. కొవ్వును చిన్న చిన్న బిందువులుగా విడగొడుతుందనీ, అందులో ఎంజైములు ఉండవనీ తడుముకోకుండా చెప్పాడు. వాడికి రాతే అడ్డం. రేపటి నుంచి వాడి బెంచీవాళ్ళు ముందు ఒకరికొకరు నోటితో చెప్పుకుంటారు, తరువాతే రాస్తారు. బొత్తిగా గుర్తురానివాళ్ళకు మొదటి అక్షరం అందిస్తాను.