ఉప్పల్ డప్పు, నాచారం వయొలిన్లు... అన్నీ పెట్టెలోనే!

ఉప్పల్ అనగానే మీకేం గుర్తొస్తుంది? ఇంకేముంది, క్రికెట్టు! మరి నాచారం అంటే? కాస్త వయసు మళ్ళినవాళ్ళు రామారావుగారి స్టూడియో అంటారు. కుర్రకారయితే ఫ్యాక్టరీలూ, ట్రాఫిక్కూ అని మొహం చిట్లిస్తారు. ఈ రెండు పేటల్లోనూ యిప్పుడు పాట పుడుతోందంటే నమ్ముతారా? పుడుతోంది! పెద్ద పెద్ద రికార్డింగ్ థియేటర్లలో కాదు. బోర్డు కూడా లేని అద్దె గదుల్లో, నీళ్ళ ట్యాంకు పక్కన రేకుల షెడ్లలో.

నాగోలు వైపు వెళ్ళే మెట్రో ఎక్కండి. హబ్సిగూడ దాటాక ఎన్.జి.ఆర్.ఐ., తర్వాత స్టేడియం, ఆ తర్వాతది ఉప్పల్. వచ్చే స్టేషను పేరు చెప్పే గొంతు వింటారుగా? ఆ మనిషి రైల్లో లేరు. ఎప్పుడో ఒకరోజు ఒక గదిలో కూర్చుని ఆ పేర్లన్నీ చదివేసి యింటికి వెళ్ళిపోయారు. మీట పడినప్పుడల్లా ఆ గొంతు మాత్రం పలుకుతూనే వుంటుంది. ఈ కథంతా అలాంటి శబ్దాలదే.

స్టేషను దిగి, 2023లో తెరిచిన ఆకాశ వంతెన మీంచి రింగురోడ్డు దాటి లోపలి వీధిలోకి నడిస్తే పెళ్ళిళ్ళకు వాయించే ఒక ఆర్కెస్ట్రావాళ్ళ రిహార్సల్ గది తగిలింది. గది నిండా వైర్లు. కీబోర్డు మీద ఒకరు సన్నాయి వాయిస్తున్నారు. సన్నాయి ఎక్కడా లేదు! కుడిచెయ్యి మెట్ల మీద, ఎడమచెయ్యి పక్కనున్న చిన్న చక్రం మీద. ఆ చక్రాన్ని కొంచెం ముందుకీ వెనక్కీ జరిపితే స్వరం జారుతుంది, అదే గమకం. చక్రం తిప్పడం రాకపోతే మాత్రం మంగళవాద్యం కాస్తా అంబులెన్సు అవుతుంది. నేను రెండూ విన్నాను లెండి.

పక్కనే యిరవై రెండేళ్ళ కుర్రాడు. ఎదురుగా స్టాండు మీద ఎనిమిది గళ్ళ నల్లపెట్టె. ఆర్కెస్ట్రావాళ్ళంతా ముద్దుగా 'ప్యాడ్' అంటారే, అదే.

"గీ గడి కొడితె డప్పు అన్నా, గిది కొడితె డోలక్, గిది చప్పట్లు" అంటూ కొట్టి చూపించాడు. నిజంగానే డప్పు! కళ్ళు మూసుకుంటే బోనాల వూరేగింపు.

ఏమిటీ మాయ? మాయేం లేదు. ఎవరో ఒకాయన నిజం డప్పును ఒక్క దెబ్బ కొడతారు. దాన్ని రికార్డు చేసి పెట్టెలో దాస్తారు. గడి మీద పుల్ల పడగానే ఆ దాచిన దెబ్బే బయటికి వస్తుంది. దాచిన ముక్కను శాంపిల్ అంటారు, దాన్ని పలికించే పెట్టె శాంప్లర్.

దీని పూర్వీకుడు ఎలక్ట్రానిక్ కూడా కాదు, టేపు యంత్రం! 1940ల చివర్లో అమెరికాలో హ్యారీ ఛాంబర్లిన్ అనే ఆయన మొదలుపెట్టిన ఆలోచన, 1963లో ఇంగ్లండులోని బర్మింగ్‌హాంలో మెలోట్రాన్‌గా మార్కెట్లోకి దిగింది. హార్మోనియంలా మెట్లుంటాయి. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు. నొక్కితే టేపు కదిలి వయొలిన్ పలుకుతుంది. ఎంతసేపు? సుమారు ఎనిమిది సెకన్లు! అంతటితో టేపు ఖతం. వేలు తీస్తే స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేస్తుంది. 1967లో బీటిల్స్ 'స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్' మొదట్లో వినిపించే ఫ్లూట్లు ఆ పెట్టెలోవే. అప్పుడే బ్రిటన్ సంగీతకారుల యూనియన్ అభ్యంతరం లేవదీసింది. వయొలిన్ విద్వాంసుడు ఒకరోజు కూలి తీసుకుని వెళతాడు, అతని స్వరం మాత్రం ఏళ్ళ తరబడి వూడిగం చేస్తుంది, యిదెక్కడి న్యాయం అని!

ఇక్కడొక తేడా గమనించాలి. 1954లో హిందీ 'నాగిన్' పాటల్లో వూగిపోయిన పాముబూర అసలు బూర కాదు, కల్యాణ్‌జీ వాయించిన క్లావియోలిన్ అనే కరెంటు వాద్యం. కానీ అది సర్క్యూట్లలో కొత్తగా పుట్టించిన శబ్దం. ఎవరి దగ్గర్నుంచీ తీసుకున్నది కాదు. శాంప్లర్ అలా కాదు. అందులో ఒక మనిషి చెయ్యి వుంటుంది, వూపిరి వుంటుంది.

1979లో సిడ్నీలో పీటర్ వోగెల్, కిమ్ రైరీ అనే యిద్దరు టేపు తీసేసి కంప్యూటరు పెట్టారు. దానిపేరు ఫెయిర్‌లైట్. ధర వింటే యిల్లు కొనుక్కోవచ్చనిపిస్తుంది! 1981లో ఎమ్యులేటర్, 1986లో అకాయ్ ఎస్ 900 వచ్చి ధర కాస్త దించాయి. 1988లో కోర్గ్ ఎం 1 వచ్చేసరికి పియానో, తీగవాద్యాలు, డ్రమ్ములు ఒక్క పెట్టెలో దూరాయి. మన కుర్రాడి ప్యాడ్ వంశం వేరు. 1985లో రోలాండ్ కంపెనీ తెచ్చిన మొదటి ఆక్టోప్యాడ్‌కి సొంత గొంతే లేదు, ఎక్కడ దెబ్బ పడిందో పక్క యంత్రానికి చాడీ చెప్పేది, అంతే. 1998 నాటి ఎస్.పి.డి. 20 లో ఏకంగా 700 శబ్దాలు! మన వూరి ఆర్కెస్ట్రాలను ఏలిందంటే అదే.

ఒక్క శబ్దం దాస్తే సరిపోదు. 33 మీద తిరగాల్సిన పాత రికార్డును 45 మీద తిప్పితే ఘంటసాలగారు కూడా చంటిపిల్లాడిలా పాడేస్తారు కదా! అలాగే ఒకే స్వరాన్ని సాగదీస్తే పైన కీచు, కింద గురక. అందుకని ప్రతి మూడు నాలుగు మెట్లకూ విడిగా రికార్డు చేస్తారు. మెల్లగా కొట్టినదొకటి, గట్టిగా కొట్టినదొకటి. లేకపోతే ఒకే దెబ్బ పదిసార్లు అచ్చు గుద్దినట్టు పడుతుంది, చెవి యిట్టే పట్టేస్తుంది.

ఈ సంగతి నాకంటే బాగా తెలిసినాయన ఆ గది అరుగు మీదే కూర్చున్నారు. కుర్రాడి నాన్న. చిన్నప్పట్నుంచీ డప్పు కళాకారుడు. కొడుకు ప్యాడ్ ఎలా వుందని అడిగాను.

"మంచిగనే వున్నది సార్. ఆషాఢంల వానకు మా తోలు మెత్తవడ్తది. కాగితం ముట్టిచ్చి కాపాలె. దానికి గా బాధ లేదు." కాసేపాగి, "కాని గట్ల కాపుతుంటెనే పోరగాళ్ళు ముందుగాల జమైతరు" అన్నారు.

కుడిచేతిలో సిర్ర, ఎడమచేతిలో సిటికెన పుల్ల. రెండు దెబ్బలు ఒకలా పడవు, పడకూడదు కూడా. ఎనిమిది మంది దళమొస్తే ఎనిమిది మందికి కూలి, కూడు పెట్టాలి. ప్యాడ్‌కయితే ఒక్క మనిషి, ఒక ప్లగ్గు చాలు. లెక్క తెలిసిన పెళ్ళివారు ఎవర్ని పిలుస్తారో చెప్పాలా?

ఆమాటకొస్తే మన స్టేడియం సంగతేమిటి? 2005 నవంబరు 16న ఉప్పల్‌లో తొలి వన్డే ఆడారు. ఐపీఎల్ వచ్చాక మైకులో మోగే బూరకు జనం అరుపుతో బదులిస్తారు. బూర వూదేవాడు మైదానంలో ఎక్కడా కనపడడు. ఇక 2020లో కరోనా దెబ్బకు పోటీలు దుబాయ్ వైపు తరలిపోయి ఖాళీ గ్యాలరీల ముందు జరిగినప్పుడు, టీవీల్లో మనం విన్న కేకలు కూడా దాచిపెట్టినవే! సిక్సరుకో గోల, వికెట్టుకో గోల. అంటే ప్రేక్షకుణ్ణి కూడా పెట్టెలో పెట్టేశారు. నాకయితే ఆ గోల మధ్య బంతి చప్పుడే నిజమనిపించింది.

ఉప్పల్ నుంచి హబ్సిగూడ చౌరస్తా మీదుగా నాచారం. రామారావుగారి రామకృష్ణ హార్టికల్చరల్ సినీ స్టూడియోస్ వెలిసిన చోటు. ఆయన పేరు తలచుకుంటే నాకు టి.వి.రాజుగారు గుర్తొస్తారు. మద్రాసులో తొలిరోజుల నుంచీ ఆయన స్నేహితుడు. 'జయసింహ' (1955), 'పాండురంగ మహాత్మ్యం' (1957), 'శ్రీకృష్ణ పాండవీయం' (1966)... ఎన్ని ఆణిముత్యాలు! అంతా మనుషులు కూర్చుని వాయించిన సంగీతం. ఆ రాజుగారి అబ్బాయే రాజ్. సాలూరి రాజేశ్వరరావుగారి అబ్బాయి కోటితో జతకట్టి 'యముడికి మొగుడు' (1988), 'హలో బ్రదర్' (1994) పాటలతో కుర్రకారును వూపేశారు. వారి దగ్గర చాలాకాలం కీబోర్డు వాయించిన కుర్రాడు దిలీప్, తర్వాత ఏ.ఆర్.రహ్మాన్‌గా 1992లో 'రోజా' చేశాడు. ఇంటి వెనక స్టూడియోలో, యంత్రాల మధ్య! ఆ తర్వాత మద్రాసు థియేటర్లలో వయొలిన్ల వరసలు తగ్గుతూ వచ్చాయి. రాజ్‌గారు 2023 మేలో మనల్ని వదిలి వెళ్ళారు.

నాచారంలో ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో, లఘుచిత్రాలకు రీరికార్డింగు చేసే ఒక మిత్రుడి గదికి వెళ్ళాను. లాప్‌టాప్‌లో వయొలిన్ల దండు. యూరప్‌లో ఏదో హాల్లో వాయించిన స్వరాలు. వీణ కూడా వుంది గానీ, తీగ లాగినప్పుడు వచ్చే ఆ సొగసు లేదు. అలాగని పెట్టెను తిట్టబుద్ధి కాలేదు. ఈ కుర్రాడు నలభై మంది వయొలిన్లను ఎక్కణ్ణుంచి తెస్తాడు? పెట్టె లేకపోతే అతని సంగీతం వూహల్లోనే మిగిలిపోయేది.

అంతలో ఉప్పల్ ప్యాడ్ తమ్ముడు వచ్చాడు, వెంట నాన్న, చంకలో డప్పు. కంపెనీ డప్పు విసుగొచ్చి, యింటి డప్పే రికార్డు చేయించుకుందామని! మేడమీద కాగితాలు అంటించి తోలు కాచారు. కింద ఫ్లాటువాళ్ళు పొగేమిటని పరుగెత్తుకొచ్చారు, అది వేరే సంగతి. గదిలో ఫ్యాను ఆపి, కిటికీకి దుప్పటి కట్టి ఒక్కో దెబ్బ తీసుకున్నారు. మెల్లగా, గట్టిగా, అంచు మీద, నడిమధ్య. నలభై దెబ్బలు పట్టింది.

పెద్దాయన చెమట తుడుచుకుంటూ అడిగారు. "గిది ఎన్నిసార్లు మోగుతది?"

"ఎన్నిసార్లయినా పెద్దాయనా. వేరే సినిమాలకీ వాడుకోవచ్చు" అన్నాడు నా మిత్రుడు.

"మరి పైసలు ఒక్కపారేనా?"

కొడుకు తండ్రి వైపు చూశాడు. మిత్రుడు కుర్చీ దగ్గరకి లాక్కున్నాడు. ఒక్కో సినిమాకి యింత అని లెక్క మొదలైంది. టీ వచ్చింది, అయిపోయింది. నేను ఆఖరి మెట్రో కోసం లేచేసరికి బేరం యింకా తెగలేదు.